టోకు కొట్టులో సరుకు ఎవరిది?



టోకు వర్తకుడికి మిల్లు ఉండదు, యంత్రాలు ఉండవు. అద్దె గోడౌను, ఒక కాటా, ఒక టెలిఫోను ఉంటే వ్యాపారం సాగిపోతుంది. అతని సొమ్మంతా మూడు రూపాల్లో తిరుగుతూ ఉంటుంది: గోడౌనులో సరుకు, ఊళ్ల మీద బాకీలు, గల్లాపెట్టెలో రొక్కం. ఏడాదిలోగా డబ్బుగా మారే ఈ మూడింటినీ బ్యాంకులవారు కరెంట్ అసెట్స్ అంటారు. వర్తకుడి బలాన్ని వీటిని బట్టే చూడాలన్నది సరైన మాటే. ఎలా చూడాలో తెలియకే మా దెందులూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో కొందరు దెబ్బతిన్నారు. నేనూ ఒకణ్ణి.

పూర్వం తాకట్టుకు సరుకు చూపిస్తే బ్యాంకులో అప్పు పుట్టేది. నిల్వ పెరిగినకొద్దీ అప్పూ పెరిగేది. 1974లో రిజర్వు బ్యాంకు టాండన్ కమిటీని వేసింది. 1975లో వచ్చిన దాని నివేదికలో మూడు పద్ధతులు చెప్పారు. రెండవ పద్ధతి ప్రకారం ఈ ఆస్తుల్లో నాలుగో వంతు వర్తకుడు తన దీర్ఘకాలపు సొమ్ముతో సమకూర్చుకోవాలి. అంటే ఏడాదిలోగా తీర్చవలసిన అప్పులు 100 రూపాయలుంటే, ఆస్తులు కనీసం 133 రూపాయలుండాలి. సరుకు ఒక్కటే చూస్తే చాలదు, దాని ఎదుట ఉన్న అప్పునూ చూడాలని అర్థం.

ఇక ఆ 133 రూపాయలు నిజమైనవేనా అన్నది మరో ప్రశ్న. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టునే తీసుకోండి. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు దిగుతాయి. ఉల్లి బియ్యంలా ఆగదు. ఆరినకొద్దీ తూకం తగ్గుతుంది, ముసురు పడితే కుళ్లుతుంది, మొలకెత్తుతుంది. సోమవారం పుస్తకంలో రాసిన విలువ శనివారానికి ఉండదు. పైగా ధర పెరిగి లాభం వచ్చే వేళకు ప్రభుత్వం అడ్డుపడవచ్చు. 2019 సెప్టెంబరు 29న కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించి, టోకు వర్తకుడు 500 క్వింటాళ్లకు మించి ఉంచరాదంది. డిసెంబరులో దాన్ని 250 చేసింది. వినియోగదారుడికి అది అవసరమే కావచ్చు, కాని వర్తకుడి ఆస్తి ఒక్క ఉత్తర్వుతో మారిపోతుంది.

బాకీల సంగతీ అంతే. 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువులను ప్రభుత్వం కొట్టివేయించింది. చెరువే లేని రైతు పేర మేత బాకీ పుస్తకంలో మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

రొక్కమైనా నమ్మదగినదేనా? సత్యం కంప్యూటర్స్ టోకు సంస్థ కాదు గాని ఇక్కడ చెప్పక తప్పదు. 2009 జనవరి 7న రామలింగరాజు గారు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు.

ఆ వార్త పేపర్లో చదివి "ఆశ్చర్యం" అనుకున్న నేనే, అదే ఏడాది నా గ్రాట్యుటీలో రెండు లక్షలు ఒక టోకు కొట్టుకు ప్రోనోటు మీద ఇచ్చాను. నూటికి రూపాయిన్నర వడ్డీ. గోడౌను కప్పుదాకా బస్తాలు. సర్వీసులో సివిల్ సప్లైస్ సెక్షనులో నిల్వల రిటర్నులు ఏళ్ల తరబడి సరిచూసినవాణ్ణి, బస్తాలు చూసి తృప్తిపడ్డాను. ఏడాది తిరగకుండానే ఆయన ఐ.పి. పెట్టాడు. అప్పుడు తెలిసింది: సగం సరుకు కమీషను మీద అమ్మిపెట్టమని పంపిన ఊరి రైతులది, మిగతాది బ్యాంకు కీ లోనులో ఉంది. తాళం చెవి బ్యాంకు దగ్గరే. ఆయనదంటూ ఉన్నది కాటా ఒక్కటే.

"బస్తాలు లెక్కపెట్టారు గాని అవెవరివో అడిగారా?" అంది మా ఆవిడ. కోర్టు వకీలు కూడా అంత సూటిగా అడగలేదు. నా వాటాకు పైసా రాలేదు. మా అమ్మాయి పెళ్లి ఒక ఏడాది వాయిదా పడింది.

ఒక మాట తెలుసుకోండి. కంపెనీగా రిజిస్టరైన సంస్థ ఏటా దాఖలు చేసే బ్యాలెన్స్ షీటును కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. సొంత కొట్టుకు, భాగస్తుల కొట్టుకు ఆ ఏర్పాటు లేదు. నేను అప్పిచ్చింది భాగస్తుల కొట్టుకే.