గలత్ కోడ్‌కీ జవాబు చెప్పాల్సిందే

మన పిల్లలు బీటెక్‌లో రాసే ప్రోగ్రామును మెషీన్ జుబాన్‌లోకి తర్జుమా చేసేది కంపైలర్. అందులో పార్సర్ పని, రాసింది ఖాయిదా ప్రకారం ఉందో లేదో చూడటం. గలతీ ఉంటే ఫలానా లైనులో అని చెప్పాలి. చెప్పకుండా తానే కుప్పకూలిపోతే కసూర్ ఎవరిది?

పాత జమానాలో ఈ సవాల్‌ను పెద్దగా పట్టించుకోలేదు. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో బార్టన్ మిల్లర్ అనే ప్రొఫెసర్ తుఫాను రాత్రి ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌తో పని చేస్తుంటే, లైన్‌లో చొరబడిన పిచ్చి అక్షరాలకు ప్రోగ్రాములు పడిపోయాయి. ఆయన షాగిర్దులతో కలిసి యునిక్స్ ప్రోగ్రాములకు కావాలనే చెత్త అక్షరాలు తినిపించి చూశాడు. దాదాపు పావు వంతు క్రాషో, హ్యాంగో అయ్యాయని 1990లో ప్రచురించాడు.

1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీ కంపైలర్ కితాబులో ఫైస్లా సాఫ్‌గా ఉంది: ఎలాంటి కోడ్ ఇచ్చినా సరే, కంపైలర్ క్రాష్ అయితే అది కంపైలర్ తప్పే. గలత్ కోడ్ మీద వచ్చే క్రాష్‌లకు వాళ్ల ఫిర్యాదుల దఫ్తర్‌లో వేరే పేరే ఉంది, 'ఐస్ ఆన్ ఇన్‌వ్యాలిడ్ కోడ్'. ఈ ఐస్ షర్బత్‌లో వేసుకునేది కాదు, 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్'కి పొట్టిపేరు.

అసలు ముష్కిల్ ఎక్కడంటే, పార్సర్ మొదటి తప్పు దగ్గరే ఆగిపోదు. మిగతా తప్పులూ ఒకేసారి చెప్పాలని ముందుకు పోతుంది. చేతిలో సగం కట్టిన నిర్మాణం మిగులుతుంది. తర్వాతి దశ వచ్చి 'దీని టైప్ ఏమిటి?' అని ఖాళీ జాగాలో చెయ్యి పెడుతుంది. ధన్! అందుకే జీసీసీలో 'ఎర్రర్ మార్క్ నోడ్' అని ఒక నిషానీ పెట్టారు: ఇక్కడ తప్పుంది, ఖబర్ ఇచ్చేశాం, ఇంక తవ్వొద్దు అని. చాలా మరమ్మతులు ఈ నిషానీ ఉందా అని చూసే ఒకటి రెండు లైన్లే. ఆ లైను ఎక్కడ పెట్టాలో వెతకడానికే దిమాగ్ ఖరాబ్ అవుతుంది.

2004లో జీసీసీ 3.4తో సీ ప్లస్ ప్లస్ పార్సర్‌ను చేత్తో కొత్తగా రాశారు. అయినా ఆ ఫిర్యాదులు ఆగలేదు. ఇంకో తరీఖా కూడా ఉంది. తప్పు ముందే చెప్పేసి ఉంటే, విడుదలైన జీసీసీ తన క్రాష్‌ను ఒప్పుకోకుండా 'ముందు తప్పులతో అయోమయంలో పడ్డాను' అని తప్పుకుంటుంది. నాకైతే అది బహానాలాగే ఉంది. ప్రోగ్రామింగ్ అప్పుడే నేర్చుకుంటున్న బచ్చా, కసూర్ అంతా తనదే అనుకుంటాడు కదా!

మరమ్మతయ్యాక, క్రాష్ చేయించిన ఆ గలత్ కోడ్‌ను పరీక్షల ఖజానాలో అలాగే దాస్తారు. ఏ లైనులో తప్పు చూపించాలో పక్కనే రాసి పెడతారు.