మేటి ఆటగాడు జట్టును నడపగలడా?

తాలింఖానాలలో కుస్తీలు చూచిన పెద్దలు మీలో పెక్కుమంది యుందురు. పదిమందిని పడగొట్టిన పహిల్వాను పదిమంది శిష్యులను తయారు చేయగలడని నమ్ముటకు వీలులేదు. గొప్ప శిష్యులను తయారుచేసిన గురువు తాను బరిలో నెన్నడు నోడనివాడే యని చెప్పుటకును వీలులేదు. చేయుట యొక విద్య. చేయించుట వేఱొక విద్య. ఈ భేదమును దేశములకు దేశములే మఱచిన సందర్భములు ఫుట్‌బాలు ఆట చరిత్రలో కలవు. వానిలో కొన్నిటిని నేడు మీకు మనవి చేసెదను.

ఫుట్‌బాలు జట్టునకు పదునొకండుగురు ఆటగాండ్రు. దేశపు జట్టును నడుపువాడు మైదానములో నాడడు. గీత కీవల నిలుచును. ఆటగాండ్రు సంవత్సరములో నధికభాగము తమ తమ క్లబ్బులలో నుందురు గనుక అతనికి దొరకునది కొలది దినములు మాత్రమే. ఆ దినములలో నెవరిని ఎన్నుకొనవలెను, ఎవరి నేస్థానమున నిలుపవలెను, ఎదిరిపక్షపు బలహీనత యెచ్చట నున్నది, అలసినవాని నెప్పుడు మార్చవలెను, అలిగినవాని నెట్లు సముదాయింపవలెను, ఇవన్నియు నతని పనులే. బంతి తన పాదమున నున్నపుడు మేటి ఆటగాడు రెప్పపాటులో చేయు పనిని ఇతరుల పాదములచేత చేయించుటకు మాట కావలెను, ఓర్పు కావలెను.

1984లో ఫ్రాన్సుదేశమున జరిగిన యూరపు పోటీలలో పశ్చిమజర్మనీ మొదటి దశలోనే వెనుదిరిగెను. శిక్షకుడు యుప్ డెర్వాల్ పదవి వీడెను. అప్పుడు అధికారుల దృష్టి ఫ్రాంజ్ బెకెన్‌బవర్ మీద పడెను. ఇతడు దేశము తరఫున 103 ఆట లాడినవాడు. 1974లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టునకు నాయకుడు. కాని శిక్షకుడుగా పనిచేసినవాడు కాడు. ఆ పనికి జర్మనీలో నవసరమైన యోగ్యతాపత్రమును అతనికి లేదు. అందుచే అతనికి ‘టీమ్‌షెఫ్’, అనగా జట్టుపెద్ద, అను పదవీనామము నిచ్చి, యోగ్యతాపత్రము గల హోర్స్ట్ కెప్పెల్‌ను ప్రక్కన నిలిపిరి.

తొలి ఆటలోనే అర్జెంటీనా 3-1 గోలులతో వారి నోడించెను. 1985లో స్టుట్‌గార్టు నగరమున పోర్చుగల్లు వారిని గెలిచెను. ప్రపంచ కప్పు అర్హతపోటీలలో జర్మనులు స్వదేశమున నోడుట అదియే మొదలు. 1986లో మెక్సికోయందు, తన్ను హేళనచేసిన గోలురక్షకుడు ఉలి ష్టైన్‌ను, పోటీలు ముగియక మునుపే ఇంటికి పంపవలసి వచ్చెను. ఐనను ఆ జట్టు తుది ఆట వఱకు సాగి, అర్జెంటీనా చేతిలో 3-2 గోలులతో నోడెను. 1988లో యూరపు పోటీలు స్వదేశముననే జరుగగా, తుది ఆటకు ముందటి యాటలో నెదర్లాండ్సు చేతిలో మఱల నోటమి కలిగెను. తుదకు 1990 జూలై 8న రోమునగరమున, ఆ అర్జెంటీనామీదనే, ఆండ్రియాస్ బ్రేమె 85వ నిమిషమున కొట్టిన పెనాల్టీ గోలుతో ప్రపంచ కప్పు వారికి దక్కెను. ఈ విజయమును కొనియాడువారు దానికి ముందు గడచిన ఆఱేండ్లను మఱతురు. బెకెన్‌బవర్ శిక్షకవిద్యను దేశపు జట్టు మీదనే నేర్చుకొనెను. నేర్చుకొనుటకు దేశము వ్యవధి నిచ్చెను.

అందఱకును ఫలము అట్లు చేకూరదు. ఫ్రాన్సుదేశము 1988లో మిషెల్ ప్లాటినీని పిలిచెను. అతడు 1984లో యూరపు కప్పు గెలిచిన నాయకుడు. ఆట మాని యప్పటికి రెండేండ్లైనను కాలేదు. 1990 ప్రపంచ కప్పునకు ఆ జట్టు అర్హత పొందలేకపోయెను. పిమ్మట 1992 యూరపు పోటీల అర్హత ఆటలు ఎనిమిదింటిని వరుసగా గెలిచెను. కాని స్వీడనుదేశమున జరిగిన అసలు పోటీలలో నొక్క ఆటయైనను గెలువలేదు. ప్లాటినీ పదవి వీడెను.

అర్జెంటీనా 2008లో డియెగో మారడోనాకు జట్టు నప్పగించెను. అంతకుముందు రెండు క్లబ్బులను కొలది నెలలు నడపుటయే అతని శిక్షకానుభవము. 2009 ఏప్రిల్ 1న లాపాజ్ నగరమున బొలీవియా ఆ జట్టును 6-1 గోలులతో నోడించెను. ప్రపంచ కప్పునకు అర్హత చిట్టచివరి ఆటలో దక్కెను. 2010లో మెస్సీ వంటి ఆటగాడుండియు కేప్‌టౌనులో జర్మనీ చేతిలో 4-0 గోలులతో నోడిరి. ఆనాడు జర్మనీని నడపిన యోఆహిమ్ లోవ్ తన దేశపు ప్రధానజట్టున నెన్నడు నాడినవాడు కాడు. క్లబ్బులలో శిక్షకుడై, దేశపు జట్టునకు రెండేండ్లు సహాయకుడై, మెట్టుమెట్టుగా నెదిగినవాడు.

ఆటగాడుగాను, శిక్షకుడుగాను పురుషుల ప్రపంచ కప్పు గెలిచిన మువ్వురిని చూడుడు. బ్రెజిల్ దేశీయుడు జగాలో 1970కి ముందు బొటఫోగో క్లబ్బును నడపెను. 2018లో గెలిచిన ఫ్రాన్సు శిక్షకుడు దెషాం అంతకుముందు మూడు క్లబ్బులలో పనిచేసెను. ఏ అనుభవమును లేక వచ్చినవాడు బెకెన్‌బవర్ ఒక్కడే.

ఇక మన హైదరాబాదునకు వత్తము. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు బడిపంతులు. ఆటగాడుగా వారికి జగత్ప్రసిద్ధి లేదు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచెను. భారతజట్టు 1951లో ఆసియాక్రీడల స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందెను. 1962లో జకార్తాయందు రక్షకుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడగా, రహీమ్ గారు అతనిని వెనుకవరుస నుండి తీసి ముందువరుసలో నిలిపిరి. దక్షిణకొరియాపై 2-1 గోలులతో గెలిచిన తుది ఆటలో నతడే యొక గోలు కొట్టెను. వ్యాధిగ్రస్తులై యుండియు జట్టును నడపిన రహీమ్ గారు మఱుసటి యేడు, 1963లో, పరమపదించిరి. ఆ పిమ్మట ఆసియాక్రీడల ఫుట్‌బాలులో పురుషుల స్వర్ణము మన దేశమునకు మఱల రాలేదు.

మఱి దేశములు అనుభవము లేని వీరులనే యేల పిలుచుచున్నవి? ఓడినప్పుడు ప్రజల కోపమునకు పేరుగాంచినవాడు అడ్డుగోడ యగును. అధికారుల లోపము కొంతకాలము మఱుగుపడును. ఆ వీరునికి గుణములు లేకపోలేదు: ఆటగాండ్రు అతని మాట విందురు, పెద్ద ఆటనాటి భయమును అతడెఱుగును. లేనిది, తనకు సులభమైన పని ఇతరులకేల కష్టమో గ్రహించు నేర్పు. అది యభ్యాసమువలననే వచ్చును.

కీర్తి గడచిన పనికి ప్రతిఫలము; రాబోవు పనికి పూచీ కాదు. ఊరిపెద్దరికమైనను, సంఘపు పెత్తనమైనను, ఒకని కప్పగించుటకు ముందు ‘ఇతడేమి చేసెను’ అని యడుగుట చాలదు. ‘ఇతరులచేత ఏమి చేయించెను’ అనియు నడుగవలెను. చేయించి యెఱుగనివానినే ఎన్నుకొన్నచో, నేర్చుకొనుటకు వలయు కాలమును, తెలిసిన సహాయకుని ఇచ్చుట ఎన్నుకొన్నవారి ధర్మము. ఆ రెండును ఇయ్యక, ఓటమినాడు అతనినొక్కనినే నిందించుట న్యాయము కాదు.