చుంచును విడిచి పందికొక్కును పట్టాలి

భిలాయి ఉక్కు పట్టణంలోని సెక్టార్ల క్వార్టర్లలో రాత్రివేళ కిచకిచమంటూ గోడ వెంబడి పరుగెత్తే ప్రాణిని హిందీవారు ఛఛూందర్ అనీ, తెలుగువారు చుంచు అనీ అంటారు. భారతీయ ఆంగ్లంలో దీనికే మస్క్‌రాట్ అనే పేరు స్థిరపడింది. సంస్కృతంలోని గంధమూషిక అనే మాట కూడా దీని ఘాటైన వాసనను సూచిస్తుంది.

అసలు మస్క్‌రాట్ వేరు. ఉత్తర అమెరికా చిత్తడి నేలలకు చెందిన ఆ జంతువును 1905లో బొహీమియాకు తెచ్చి వదలగా ఐరోపా అంతటా వ్యాపించింది. అది కట్టలకు బొరియలు చేస్తుంది గనుక నెదర్లాండ్స్‌లో జలమండళ్లు వృత్తి నిపుణుల చేత బోనులు వేయిస్తాయి. భిలాయి కర్మాగారం కోసం 1955లో భారత్‌తో ఒప్పందం చేసుకున్న సోవియట్ యూనియన్ కూడా 1920ల చివర బొచ్చుతోలు కోసం దానిని దిగుమతి చేసుకున్నది. ఇంజనీర్లతోపాటు అది భిలాయికి రాకపోవడం అదృష్టమే.

చుంచు అసలు ఎలుక జాతిది కాదు. దాని ముఖ్యాహారం బొద్దింకలు, పురుగులు. పొడవైన ముట్టె, చిన్న కళ్లు దాని గుర్తులు. పెరటి మట్టిని తవ్వి, ధాన్యాన్ని బొరియలో దాచేది పందికొక్కు. ఆంగ్లంలోని బాండికూట్ అనే పదం ఈ తెలుగు మాట నుండి పుట్టినదే. క్వార్టర్లలోనైనా, దుర్గ్ జిల్లా వరిచేలలోనైనా పట్టవలసినది దీనినే.

సాయంత్రం బొరియలన్నిటినీ మట్టితో మూసి, ఉదయం తెరుచుకున్నవాటిని గుర్తిస్తే పందికొక్కు కాపురం తెలుస్తుంది. కొత్త వస్తువును అది తొందరగా నమ్మదు. అందువల్ల బోనును గోడకు ఆనించి, మూడు నాలుగు రాత్రులు తలుపు పడకుండా కట్టి, లోపల ఎర మాత్రమే ఉంచాలి. ఎండుచేప, కొబ్బరిముక్క, నూనెలో వేయించిన పిండివంటకం మంచి ఎరలు. ఎర తినడం అలవాటయ్యాక ఒకే రాత్రి పలు బోనులను సిద్ధం చేయాలి. ఒక్క బోనుతో రోజుకొకదానిని పట్టేలోపు మిగిలినవి పిల్లలు పెడతాయి.

బోనులో చుంచు పడితే తెల్లవారగానే వదిలివేయాలి. ఆహారం లేకుండా అది ఎక్కువసేపు బతకదు. జిగురు అట్టలకు మాత్రం పందికొక్కుకూ, చుంచుకూ, బల్లికీ తేడా తెలియదు. విషపు ఎర తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. ఎలుకలను ఉచితంగా వేటాడే పక్షిని పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

చుంచు కూడా వ్యాధికారక సూక్ష్మజీవులను మోయగలదు. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. వర్షాకాలంలో ఈ ముప్పు అధికం. కనుక బోనును చేతితొడుగులతోనే తాకి, తరువాత సబ్బుతో కడగాలి. చెత్తకుండీ మూతలేకుండా, మురుగు గొట్టం జాలీ విరిగి ఉంటే ఖాళీ అయిన బొరియలోకి కొద్ది వారాలలోనే మరొక పందికొక్కు చేరుతుంది.