నైనితాల్: మనం ఫొటోలు దిగే మైదానం కింద ఏముంది?

ఎండలు ముదిరాయి. ఫోన్ తెరిస్తే చాలు, కొండలు, సరస్సులు, పడవల రీల్సే. సమ్మర్ ట్రిప్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేవి ఊటీ, కొడైకెనాల్. చేతిలో ఇంకో నాలుగు రోజుల సెలవు ఉంటే ఉత్తరాదికి, నైనితాల్‌కి. ఈ ఎపిసోడ్ ఆ నైనితాల్ గురించే. ఏ హోటల్లో దిగాలి, మోమోలు ఎక్కడ బాగుంటాయి అని చెప్పడానికి బోలెడు వీడియోలున్నాయి. అవి నేను చెప్పను. అక్కడ అందరూ వెళ్ళే చోట్లు కొన్ని ఉన్నాయి కదా, బోటింగ్, ఫ్లాట్స్ గ్రౌండ్, రోప్‌వే, మాల్ రోడ్, టిఫిన్ టాప్. వాటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోదాం. ఆ ఊరి 180 ఏళ్ళ చరిత్ర మొత్తం వాటిల్లోనే ఉంది. ఆ చరిత్ర మధ్యలో ఒక శనివారం మధ్యాహ్నం ఉంది. అది తెలిస్తే మీరు ఆ ఊరిని చూసే తీరే మారిపోతుంది.

ముందు సరస్సు. ఊటీ సరస్సు, కొడైకెనాల్ సరస్సు రెండూ మనుషులు కట్టినవి. ఊటీది కలెక్టర్ జాన్ సల్లివన్ కట్టించాడు, కొడైకెనాల్‌ది 1863లో మదురై కలెక్టర్ లెవింజ్ కట్టించాడు. నైనితాల్ అలా కాదు, అది ప్రకృతి చేసిన సరస్సు. సముద్ర మట్టానికి దాదాపు 1,940 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండల మధ్య గిన్నెలో నీళ్ళు పోసినట్టు ఉంటుంది. పొడవు కిలోమీటరున్నర లోపే. నైన్ అంటే కన్ను, తాల్ అంటే సరస్సు. దక్షయజ్ఞం కథ మనకి కొత్త కాదు, మన ద్రాక్షారామం పేరు చెప్పగానే గుర్తొచ్చేది అదే. ఆ కథలో సతీదేవి కన్ను ఇక్కడ పడిందని వాళ్ళ నమ్మకం. ఉత్తరపు ఒడ్డున నైనాదేవి గుడి ఉంది. అంటే ఇంగ్లీషువాళ్ళు రాక ముందే ఆ చోటు కొండ ప్రజలకి పుణ్యక్షేత్రం. ఏడాదికోసారి జాతరకి వచ్చేవాళ్ళు, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇళ్ళు మాత్రం కట్టుకోలేదు.

ఇక్కడ పి. బ్యారన్ అనే ఆయన కథలోకి వస్తాడు. షాజహాన్‌పూర్‌లో చక్కెర వ్యాపారి, కొండలు ఎక్కడమంటే పిచ్చి. 1841లో ఈ సరస్సు చూశాడు. ఆయనకంటే ముందే కుమావూ కమిషనర్ ట్రెయిల్ దీన్ని చూశాడనీ, అక్కడి వాళ్ళ భక్తిని గౌరవించి బయట ఎవరికీ చెప్పలేదనీ అంటారు. బ్యారన్ మాత్రం పత్రికల్లో రాశాడు, తర్వాత 'యాత్రికుడు' అని అర్థం వచ్చే కలం పేరుతో పుస్తకమే వేశాడు.

ఆయన రాసుకున్న సంగతి ఒకటి చెప్తాను. కొండవాళ్ళని దారి అడిగితే, అలాంటి సరస్సు ఏదీ మాకు తెలియదు అనేవాళ్ళట. పవిత్రమైన చోటు, ఎందుకు చూపిస్తారు? బ్యారన్ ఒక పని చేశాడు. దారి చూపించాల్సిన మనిషి నెత్తిన పెద్ద బండరాయి పెట్టించాడు. నైనితాల్‌లో రాళ్ళు దొరకవు, ఇల్లు కట్టడానికి ఇది కావాలి, అక్కడిదాకా మొయ్యి అన్నాడు. ఆ అమాయకుడు కొంత దూరం మోసి, నైనితాల్‌లో రాళ్ళకేం కరువు అనేశాడు. చూడని మనిషికి అక్కడ రాళ్ళున్నాయని ఎలా తెలుసు? దొరికిపోయాడు.

ఆ నేల తమదన్న స్థానిక పెద్ద ఒకాయన ఉండేవాడు, పేరు నర్ సింగ్. బ్యారన్ ఆయన్ని పడవ షికారుకి తీసుకెళ్ళి, సరస్సు మధ్యకి వెళ్ళాక నోట్‌బుక్కు, పెన్సిలూ చేతిలో పెట్టి, హక్కు వదులుకుంటున్నానని రాయమన్నాడని చెప్తారు. ఆ మనిషికి ఈత రాదు. సంతకం పెట్టాడు. ఈ రెండు కథలూ ఇంగ్లీషు పుస్తకాల్లో సరదా ముచ్చట్లలా కనిపిస్తాయి. ఇప్పుడు మనం డబ్బులిచ్చి ఎక్కే బోటింగ్ ఉంది చూశారూ, ఆ నీళ్ళ మీద మొదటి పడవ షికార్లలో ఒకటి ఇదన్నమాట. పడవలో కూర్చుని భూమి పోగొట్టుకున్నాడు ఒక మనిషి.

తర్వాత అంతా వేగంగా జరిగింది. బంగళాలు, చర్చి, క్లబ్బు, స్కూళ్ళు వచ్చాయి. 1862 నుంచి వాయవ్య పరగణాల ప్రభుత్వానికి ఇది వేసవి రాజధాని. మన వైపు మద్రాసు ప్రభుత్వం ఎండాకాలంలో ఊటీకి వెళ్ళినట్టే, అక్కడి ప్రభుత్వం ఇక్కడికి వచ్చేది. సరస్సుకి ఈశాన్యం వైపు లేచిన కొండని షేర్-కా-దండా అంటారు. ఎండ బాగా తగులుతుంది, కింద సరస్సు కనిపిస్తుంది. అందుకని ఆ వాలులోనే ఎక్కువ ఇళ్ళు కట్టారు. చెట్లు కొట్టి, వాలుని మెట్లు మెట్లుగా చెక్కి పునాదులు వేశారు. కానీ ఆ కొండ లోపల ఉన్నది గట్టి బండ కాదు, పలకలు పలకలుగా విడిపోయే రాయి. పలకల మధ్యలోకి నీళ్ళు దిగితే ఏమవుతుంది? తడిసిన పుస్తకాల దొంతర లాగా జారుతుంది. 1860ల్లోనే చిన్న చిన్నవి విరిగిపడ్డాయి. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ శనివారానికి వద్దాం. 1880 సెప్టెంబరు 18.

వాన గురువారం మొదలైంది. రెండు రోజుల్లోపే 20 అంగుళాలకు పైగా కురిసింది. అంటే 500 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది సుమారు 800. మన ఏడాది వానలో సగం కంటే ఎక్కువ, రెండు రోజుల్లో, ఒకే కొండ మీద. శనివారం ఉదయం పది గంటల ప్రాంతంలో షేర్-కా-దండా వాలు నుంచి కొంత మట్టి విరిగి విక్టోరియా హోటల్ వెనకాల నౌకర్లు ఉండే ఇళ్ళ మీద పడింది. కొంతమంది లోపల ఇరుక్కుపోయారు. కబురు తెలిసి సిపాయిలు, అధికారులు, కూలీలు పరుగెత్తుకొచ్చారు. ఆ వానలోనే పారలతో తవ్వడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో పైనున్న కొండ మొత్తం కదిలింది. కొన్ని సెకన్లే. హోటల్, దాని కింద ఒక పెద్ద దుకాణం, ఒడ్డున నైనాదేవి గుడి, పక్కనే దొరలు నాటకాలూ డాన్సులూ పెట్టుకునే అసెంబ్లీ రూమ్స్, అన్నిటినీ ఊడ్చుకుంటూ వెళ్ళి మట్టి సరస్సులో పడింది. చనిపోయినవాళ్ళు 151 మంది. అందులో 108 మంది మనవాళ్ళు, 43 మంది యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. వాళ్ళలో చాలామంది ఉదయం ఇరుక్కున్నవాళ్ళు కాదు. వాళ్ళని కాపాడదామని వచ్చినవాళ్ళు.

ఆ మట్టి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. సరస్సు ఉత్తరపు ఒడ్డున అంతకుముందే కొంచెం చదును నేల ఉండేది. కొండ నుంచి దిగిన శిథిలాలు దాన్ని ఇంకా పెంచాయి. అదే ఇవాళ్టి ఫ్లాట్స్ గ్రౌండ్. పిల్లలు క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ ఆడేది అక్కడే. సాయంత్రం బజారు సందడి, గాలి బుడగలు, చాట్ బండ్లు, మన సెల్ఫీలు, అన్నీ దాని మీదే. పక్కనున్న నైనాదేవి గుడి కూడా పాతది కాదు, 1883లో మళ్ళీ కట్టింది. ఊరికి కాస్త పైన, చెట్ల మధ్యలో సెయింట్ జాన్ చర్చి ఉంది. అందులో ఆ రోజు చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా ఇత్తడి ఫలకం ఉంది. టూరిస్టులు తక్కువగా వెళ్తారు, వీలైతే వెళ్ళండి.

ఇంకో పేరు చెప్పాలి. ఆ రోజుకి ఐదేళ్ళ పిల్లాడు ఒకడు ఆ ఊళ్ళోనే ఉన్నాడు. తండ్రి పోస్ట్‌మాస్టర్. పిల్లాడి పేరు జిమ్ కార్బెట్. అవును, పులుల కార్బెట్టే. ప్రమాదం తర్వాత ఆ కుటుంబం ఇక ఆ వాలు మీద ఉండలేక, సరస్సుకి అవతలి వైపు అయార్‌పాటా కొండ మీద ఇల్లు కట్టుకుంది. పాత ఇంటి సామాను విప్పి తెచ్చి దీనికి వాడారు. అదే గర్నీ హౌస్. 1947లో కెన్యా వెళ్ళేదాకా అది వాళ్ళ ఇల్లు. ప్రభుత్వం వాళ్ళూ అంతే. షేర్-కా-దండా మీదున్న గవర్నర్ బంగళాకి బీటలు రావడంతో దాన్ని వదిలేసి అయార్‌పాటా వైపు కొత్త రాజ్‌భవన్ కట్టారు. దానికి నమూనా గీసింది బొంబాయి విక్టోరియా టెర్మినస్ కట్టిన స్టీవెన్స్. అందంగా ఉందని ఫొటో తీసుకుంటాం, అది ఆ చోటికి ఎందుకొచ్చిందో మాత్రం అడగం.

నా దృష్టిలో 1880 తర్వాత ఆ ఊళ్ళో జరిగిన అసలు పెద్ద పని రాజ్‌భవన్ కాదు, కాలువలు. అక్కడ వాటిని నాలా అంటారు. లెక్క సింపుల్. వాన ఆపలేం. కొండ లోపలికి నీళ్ళు ఇంకితే జారుతుంది. కాబట్టి పడిన నీటిని ఇంకనివ్వకుండా, పైపైనే, తొందరగా సరస్సులోకి దింపేయాలి. దానికోసం వాలు పొడవునా రాతితో కాలువలు కట్టారు. నీళ్ళ జోరు తగ్గడానికి మెట్లు మెట్లుగా దించారు. చిన్న కాలువలు పెద్దవాటిలో కలుస్తాయి, పెద్దవి సరస్సులో కలుస్తాయి. అలాంటి పెద్ద నాలాలు అరవైకి పైగా ఉన్నాయి. సరస్సు నిండితే తల్లీతాల్ చివర తలుపులు ఎత్తి నీళ్ళు బలియా నాలాలోకి వదులుతారు. ఊరు ఇన్నేళ్ళు నిలబడిందంటే ఈ రాతి కాలువల వల్లే.

నేను వెళ్ళింది జూన్ మొదటి వారంలో. వానలు ఇంకా రాలేదు, నాలాలు ఎండిపోయి ఉన్నాయి. మల్లీతాల్ బజారు వెనక ఒక నాలా పక్కన నిలబడి చూశాను. చిప్స్ కవర్లు, వాటర్ బాటిళ్ళు, ఇసుక, ఇటుక ముక్కలు. ఎండాకాలంలో అది చెత్త గుంట లాగే కనిపిస్తుంది. కానీ మొదటి వానకి అదంతా ఎక్కడికి పోతుంది? సరస్సులోకి. ఆ ఊరు తాగే నీళ్ళలో ఎక్కువ భాగం సరస్సు నుంచే వస్తాయి. నాలాకి అడ్డం పడితే ఇంకా ప్రమాదం, నీళ్ళు గట్టు దాటి కొండలోకి ఇంకుతాయి. మళ్ళీ 1880 లెక్కే.

ఇదంతా పాత కథ అనుకోకండి. సరస్సు అడుగున ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు బతకడమే కష్టం కావడంతో 2007 నుంచి పైపులతో గాలి పంపుతున్నారు. 2017 ఎండాకాలంలో నీటి మట్టం ఎంత పడిపోయిందంటే ఒడ్డున మట్టి దిబ్బలు బయటపడ్డాయి. తర్వాతి ఏడాది, 2018 ఆగస్టు 18న, లోయర్ మాల్ రోడ్డులో ఒక ముక్క విరిగి సరస్సులో పడింది. మాల్ రోడ్డు రెండు వరసలుగా ఉంటుంది కదా, తెల్లవాళ్ళ కాలంలో పై రోడ్డు దొరలది, కింది రోడ్డు మనవాళ్ళది అని చెప్తారు. ఆ కింది రోడ్డే విరిగింది. టిఫిన్ టాప్ మీద డొరొథీ సీట్ అని రాతి అరుగు ఉండేది, డొరొథీ కెల్లెట్ అనే చిత్రకారిణి జ్ఞాపకంగా కట్టింది. పాత రీల్స్‌లో అందరూ దాని మీదే కూర్చుని ఉంటారు. 2024 ఆగస్టులో కొండ విరిగి అది పోయింది. బలియా నాలా వైపు నేల ఇప్పటికీ జారుతూనే ఉంది.

మరి వెళ్ళొద్దా అంటారా? తప్పకుండా వెళ్ళండి. కాఠ్‌గోదామ్ దాకా రైలు, అక్కడి నుంచి 34 కిలోమీటర్లు రోడ్డు. రోప్‌వే ఎక్కి స్నో వ్యూకి వెళ్ళండి, ఆకాశం తేటగా ఉంటే నందాదేవి కనిపిస్తుంది. మీరు ఎక్కుతున్నది షేర్-కా-దండా కొండే, కిందికి చూస్తే ఆ వాలు నుంచి ఫ్లాట్స్ దాకా దారి మీకే అర్థమవుతుంది. కాళ్ళలో సత్తువ ఉంటే 2,611 మీటర్ల నైనా పీక్ నడిచి ఎక్కండి. పొద్దున్నే తెడ్డు పడవ ఎక్కి సరస్సు మధ్య నుంచి నాలుగు వైపులా చూడండి.

ఒక్క పని మాత్రం అదనంగా చేయండి. మాల్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు మీ కాళ్ళ కింద నుంచి దాటే నాలాల్ని లెక్కపెట్టండి. ఎన్ని శుభ్రంగా ఉన్నాయో, ఎన్నిటి మీద కట్టడాలు లేచాయో చూడండి. మీ చేతిలో ఖాళీ బాటిల్ ఉంటే బ్యాగులోనే పెట్టుకుని తిరిగి తెచ్చుకోండి. ఫ్లాట్స్‌లో ఐస్‌క్రీమ్ తింటూ ఒకసారి పైకి, ఆ కొండ వైపు చూడండి. పారలు పట్టుకుని పరుగెత్తుకొచ్చినవాళ్ళు మీరు నిలబడ్డ చోటుకి దగ్గర్లోనే ఉన్నారు.

మీలో ఎవరైనా నైనితాల్ వెళ్ళొచ్చి ఉంటే, అక్కడి నాలాలు ఎలా కనిపించాయో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.