పడవెక్కి చూసినవాళ్ళు కాపాడిన ఏరు

ఈ వారం మన ఊళ్ళ సంగతి కాదు. అమెరికా పడమటి ఎడారిలో పారే నదుల చరిత్ర రాస్తున్నాము. అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది.

1869 మే 10న అమెరికా తూర్పు పడమరలను కలిపే రైలు దారి పూర్తయింది. సరిగ్గా రెండు వారాలకు, మే 24న, షికాగోలో కట్టించి రైల్లో తెచ్చిన నాలుగు పడవలతో జాన్ వెస్లీ పవెల్ గ్రీన్ నదిలో బయలుదేరాడు. యుద్ధంలో కుడి ముంజేయి పోగొట్టుకున్న మనిషి. వెంట తొమ్మిదిమంది. గ్రీన్ నదిలో యాంపా నది కలిసే చోట అరిస్తే ఎదుటి కొండగోడ మాట తిరిగి అప్పజెప్పింది. అందుకని దానికి ఎకో పార్క్ అని పేరు పెట్టారు. ఒకతను దారిలోనే ఆగిపోయాడు. గ్రాండ్ కాన్యన్ దాటడానికి ముందు రోజు ముగ్గురు పడవ దిగి కొండెక్కారు, వాళ్ళు మళ్ళీ తిరిగి రాలేదు. ఆగస్టు 30న మిగిలిన ఆరుగురూ దిగువకు వచ్చేసరికి ఒడ్డున కొందరు వల లాగుతున్నారు. పడవలవాళ్ళు పోయారనుకుని, కొట్టుకొచ్చే సామాను కనిపెట్టి చూడమని ఆ వల లాగేవాళ్ళకు అప్పటికే కబురు వచ్చి ఉంది!

ఈ నదులకు వానకంటే మంచే ఆధారం. కొండల మీది మంచు కరిగి మే, జూన్ నెలల్లో బురద వరద వస్తుంది. తెప్పల మీద తిరగడానికి అదే అదను. పైక్‌మిన్నో అనే చేప అప్పుడే ఏటికి ఎదురీది, వరద తీసి నీళ్ళు వెచ్చబడ్డాక గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు ఆరడుగులు పెరిగేది. అక్కడివాళ్ళు తెల్ల సాల్మన్ అని పిలిచి పట్టుకుని తినేవాళ్ళు. వరదకూ చేపకూ ఉన్న సంబంధం పులస తినే మన యానాంవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

1950ల మొదట్లో ఎకో పార్క్ దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. దాన్ని ఎదిరించిన సియెరా క్లబ్ 1953, 1954 వేసవుల్లో జనాన్ని జట్లు జట్లుగా తెప్పలెక్కించి ఆ ఏళ్ళలో తిప్పింది. చూసి వచ్చినవాళ్ళు ఊరుకోలేదు, ఉత్తరాలు రాశారు, నలుగురికీ చెప్పారు. 1956లో చట్టం వచ్చినప్పుడు ఎకో పార్క్ ఆనకట్ట అందులో లేదు.

కానీ అదే చట్టం దిగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్టకు అనుమతి ఇచ్చింది. ఆ లోయను చూసిన బయటివాళ్ళు తక్కువ, అడ్డుపడినవాళ్ళూ తక్కువే. 1963లో తలుపులు మూశారు, లోయ మునిగింది. ఎవరికీ తెలియని చోటు అనే అర్థం వచ్చే పేరుతో సియెరా క్లబ్ ఆ ఏడే ఒక పుస్తకం వేసింది. ఆనకట్ట కింద నీళ్ళు చల్లగా, తేటగా మారాయి. గ్రాండ్ కాన్యన్‌లో పైక్‌మిన్నో లేకుండా పోయింది. ఆనకట్ట కింద గాలం వేసేవాళ్ళకు ఇప్పుడు దొరికేది బయటినుంచి తెచ్చి వదిలిన ట్రౌట్.

యాంపాకు మాత్రం ఇప్పటికీ మంచు కరిగే కాలంలో వరద వస్తుంది. ఆ చేప అక్కడికి వెళ్ళి గుడ్లు పెడుతుంది. గాలానికి పడినా వెంటనే వదిలెయ్యాలని చట్టం.

మన పెద్దలు కట్టిన సత్రాలు, తవ్వించిన కోనేళ్ళు ఊరూరా ఉన్నాయి. మన పిల్లల్లో ఎంతమంది వాటిని చూశారు? వచ్చే సెలవుల్లో ఒక్కసారైనా తీసుకెళ్ళి చూపించండి. రేపు వాటికి ఆపద వస్తే ఉత్తరం రాయవలసింది వాళ్ళే.