మర్ఫా సంగీతం

మర్ఫా హైదరాబాదు నగరంలో వాడుకలో ఉన్న ఒక వాద్య సంగీతం, దానితో కూడిన నృత్యం. తూర్పు ఆఫ్రికా మూలాలు గల సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు దీనిని దక్కనుకు తెచ్చారు. ఊరేగింపులలో వినిపించే తీన్‌మార్ దరువుకు మూలం ఈ సంగీతమే.

చరిత్ర

నిజాముల సైన్యంలో అరబ్బులు, ఆఫ్రికన్లు సైనికులుగా పనిచేసేవారు. అరబ్బు సైనికుల వారసులు నివసించే పేట బార్కస్. ఇది 'బ్యారక్స్' అనే మాటకు మారిన రూపం. మాసబ్ ట్యాంకు సమీపాన గల ఎ.సి.గార్డ్స్ పేటకు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వికదళం వలన ఆ పేరు వచ్చింది. వనపర్తి సంస్థానాధీశులు పోషించిన ఆఫ్రికన్ దళం తరువాతి కాలంలో నిజాం కొలువులో చేరింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఈ దళం రద్దయినది. కొలువు కోల్పోయిన సిద్దీ కుటుంబాలలో కొందరికి మర్ఫా వాయించడం జీవనోపాధిగా మారింది.

వాద్యాలు, నృత్యం

మర్ఫా అనే చర్మవాద్యాన్ని మెడకు తగిలించుకొని పుల్లలతో వాయిస్తారు. దీనికి డఫ్, ఢోల్, లోహపు బిందెలు తోడవుతాయి. బిందెలను వాయించే చెక్కపట్టీలను థాపీ అంటారు. పాట కంటే దరువుకే ప్రాధాన్యం ఎక్కువ. పురుషులు జంటలుగా గాని, గుంపుగా గాని కత్తులు, కర్రలు తిప్పుతూ నృత్యం చేస్తారు.

తీన్‌మార్

ఉర్దూలో ఈ మాటకు 'మూడు దెబ్బలు' అని అర్థం. మర్ఫాలోని ఈ దరువును డప్పు కళాకారులు, బ్యాండు మేళాల వారు కూడా స్వీకరించారు. ముస్లిముల పెళ్ళిళ్ళతో పాటు బోనాలు, గణేశ నిమజ్జనం వంటి హిందువుల పండుగలలోను ఇది వినిపిస్తుంది. 2011లో ఇదే పేరుతో ఒక తెలుగు చలనచిత్రం విడుదలైనది.

ప్రస్తుత స్థితి

ఆఫ్రికా ముసుగులు, కొయ్య శిల్పాలు అనేకం వలస పాలన కాలంలో ఐరోపా ప్రదర్శనశాలలకు చేరి, వాడుకకు దూరమై అద్దాల వెనుక మిగిలాయి. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో పికాసో వంటి చిత్రకారులను అవి ప్రభావితం చేశాయి. హైదరాబాదులో ఆఫ్రికా కళ ఇందుకు భిన్నంగా వీధిలోనే నిలిచి, ఇతరుల చేతులలోనికి కూడా వెళ్ళింది. అయితే దరువు వ్యాపించినంతగా దానిని తెచ్చినవారి పేరు వ్యాపించలేదు. తీన్‌మార్‌కు చిందులు వేసేవారిలో అనేకులకు సిద్దీల సంగతి తెలియదు. రికార్డు చేసిన సంగీతం, డీజేల పోటీ వలన మర్ఫా బృందాలకు గిరాకీ తగ్గింది. గుజరాత్‌లోని సిద్దీలలో ధమాల్ అనే వాద్య నృత్యం ప్రచారంలో ఉన్నది.