రెండు రూపాయల బూట్లు

మంట దిక్కు జర జరిగి కూసో బిడ్డా. ఆ ఫోను జేబుల పెట్టు, దానికేం చలి పెట్టది. మన దిక్కు నుంచి ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్నోళ్ళు ఎవలన్న ఉన్నరా తాతా అని అడిగితివి గద, అందుకే పిలిచిన. గోడకు మెస్సీ బొమ్మ అంటించుకున్నవు, మంచిదే. ఆయన పుట్టిన ఊరేందంటే టక్కున రొసారియో అంటవు. తులసీదాస్ బలరాం ఏ ఊర్ల పుట్టిండంటే మాత్రం నోరు తెరుస్తవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికె అన్లేదు.

ఆ ఊరు అమ్ముగూడ. సికింద్రాబాద్ నుంచి బొల్లారం పోయే లోకల్ రైలుల నువ్వు ఆ స్టేషను ఎన్నిసార్లు దాటినవో. రైలు ఆగుతది, నువ్వు మాత్రం తల ఎత్తవు. అప్పుడు అదంతా దండు జాగ. పక్క స్టేషను పేరే కావల్రీ బ్యారక్స్ అంటే తెల్వాలె. సికింద్రాబాదును మేం లష్కర్ అనేటోళ్ళం. పటాలం ఉన్నకాడ బంతి ఉంటది. సాయంత్రమైతే సిపాయిలు ఆడుతుంటే, గీత బయట మాలాంటి పోరగాళ్ళు నిలబడి, బంతి ఎప్పుడు బయటికొస్తదా, ఒక్కసారన్న కాలుతోని తందామా అని చూసుడే. ఇంట్ల ఒక భాష, గల్లీల ఇంకోటి, మైదానంల దక్కనీ ఉర్దూ. తిట్లకు అయితే అన్ని భాషలూ పనికొచ్చేవి.

అట్లాంటి జాగల, బీదింట్ల, తమిళ తల్లిదండ్రులకు 1936ల పుట్టిండు బలరాం. ఆట వచ్చు, కాళ్ళకు బూట్లు లెవ్వు. లాల్‌బజారుల ఒక చెప్పులు కుట్టేటాయనను పట్టుకుండు. పోలీసోళ్ళు వాడి పారేసిన పాత బూట్లను కోసి, ఆడేతందుకు పనికొచ్చేటట్టు కుట్టిస్తనన్నడు ఆయన. కూలి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయల కోసం తల్లికి ఏదో కథ చెప్పిండట. అబద్ధం ఆడితే అతికినట్టుండాలె అంటరు గద. అతికే ఉంటది, బూట్లయితే వచ్చినయి.

రెండు రూపాయలేనా అని మూతి తిప్పకు. అప్పటి రెండు రూపాయలంటే ఏందో చెప్తా విను. నిజాం హయాంల మనకు మన సొంత పైసలుండె, హాలీ సిక్కా అనేటోళ్ళం. ఇంగ్లీషోళ్ళ రూపాయిని కల్దార్ అనేటోళ్ళం. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఇండియన్ యూనియన్‌ల కలిసినంక గూడ కొన్నేండ్లు రెండూ నడిచినయి. దుకాణానికి పోతే ముందు ధర గాదు, ఏ రూపాయల ధరో అడగాలె. నాకు తెలిసి లష్కర్‌ల పైసలు లెక్కపెట్టుడు రానోడు లేడు, లెక్కల పాసైనోడు మాత్రం తక్కువ. ఆ తర్వాత 1957ల నయా పైసలొచ్చి అణాలను మింగినయి. ఇరానీ హోటల్ల అణాకు చాయ్. ఒక్క చాయ్ తీసుకొని సాసర్ల పోసుకొని ఇద్దరం తాగేటోళ్ళం. హోటలాయన గుడ్లురిమి చూస్తె, ఇంకో ఖాళీ సాసర్ ఇవ్వుమని అడిగేటోళ్ళం. సిగ్గు అనేది తర్వాత వచ్చిన అలవాటు బిడ్డా.

సరే, ఎక్కడున్నం? బూట్ల కాడ. ఆ బూట్లేసుకొని ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టుల ఆడిండు, రైడర్స్ క్లబ్బుల ఆడిండు. అప్పుడు పడ్డది రహీం సాబు కన్ను.

సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. కాచిగూడల, చాదర్‌ఘాట్‌ల పిల్లలకు పాఠాలు చెప్పినాయన. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆయన చేతుల పడ్డంక ఆ జట్టు బొంబాయిల రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు కొట్టింది. ఐదేండ్లు! బొంబాయోళ్ళు ఆ కప్పును హైదరాబాదుకే రాసిచ్చినమేమో అనుకొని ఉంటరు. పంతులు గద, ఆటను గూడ పాఠంలెక్కనే చెప్పేటోడు. మీకు ఏ కాలు చేతగాదో ఆ కాలుతోనే ఆడాలని పోటీలు పెట్టేటోడు. బంతిని కాళ్ళకాడ ఉంచుకొని గారడీ చెయ్యొద్దు, వచ్చినట్టే ఇంకొకనికి ఇచ్చెయ్యాలని ఇంకో పోటీ. మీ కోచింగ్ సెంటర్ల ఏడాదికి వేలకు వేలు తీసుకొని చెప్పేది గిదే గద?

ఆ రహీం సాబు బలరాంను హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకు రమ్మన్నడు. వచ్చుడెట్ల? అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కు, అదే మీ ఎల్బీ స్టేడియంకు, పదిమైళ్ళకు అటూ ఇటూ. బస్సు కిరాయి లేదు సాబ్ అన్నడట పోరడు. సాబు సైకిల్ ఇప్పించిన్రు. ఇగ చూడు, పొద్దుగాల సైకిల్ తొక్కుకుంట పోవుడు, ఆడుడు, మళ్ళ తొక్కుకుంట వచ్చుడు. మీరు పరుగు మిషన్ మీద ఉన్నకాడనే ఉరికి ఫీజు కడుతున్నరు.

సైకిలంటే యాదికొచ్చింది. అప్పుడు సైకిల్‌కు మున్సిపాలిటీ బిళ్ళ ఉండాలె. చీకటి పడ్డంక ముందట కిరసనాయిలు దీపం వెలగాలె. దీపం లేకుంటే చౌరస్తాల పోలీసాయన ఆపి, తిట్టుడు గూడ లేకుండ వంగి ట్యూబుల గాలి తీసేటోడు. డబల్ సవారీ దొరికితే ఇద్దరి చెవులూ అయిపాయె. మా దోస్తు ఒకడు గాలికి దీపం ఆరిందని చూపిద్దామని, అసలు వత్తే లేని దీపం తగిలించుకొని తిరిగిండు. పోలీసాయన వేలు పెట్టి చూస్తె చల్లగున్నది. ఇంటిదాకా నడిపించుకుంట వచ్చిండు.

ఇంట గెలిచి రచ్చ గెలువమంటరు గద. 1956ల మన హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది, 1957ల మళ్ళ గెలిచింది. మధ్యల మెల్‌బోర్న్ ఒలింపిక్స్. రహీం సాబే దేశం జట్టుకు కోచ్. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, ఇరవై ఏండ్ల బలరాం, అందరూ మన గల్లీలల్ల తిరిగినోళ్ళే. జట్టుల హైదరాబాదోళ్ళు ఒక్కరిద్దరు గాదు. అంతకుముందు ఒలింపిక్స్, 1952 హెల్సింకిల, మనోళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతోని ఆ చలిల ఆడి యుగోస్లావియా చేతుల 10-1 తిన్నరు. ఆ దెబ్బకే బూట్లు తప్పవన్నరు పెద్దలు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌ల ఆస్ట్రేలియాను 4-2తోని కొట్టి, నాలుగో జాగల నిలబడ్డరు. నవ్వకు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల మనకు అంతకన్న పెద్ద జాగ ఈనాటికీ రాలే.

ఇంతకూ ఆయన ఏ జాగల ఆడేటోడని అడుగవేంది? ముందట ఐదుగురు నిలబడేటోళ్ళు అప్పుడు. రెండు అంచులకు ఇద్దరు, నడుమ ఒకడు, మిగిలిన ఇద్దరు ఇన్‌సైడ్‌లు. బలరాం ఇన్‌సైడ్ లెఫ్ట్. వెనుకకొచ్చి బంతి అందుకొని, ముందటోనికి ఎక్కడ కావాలెనో అక్కడ పెట్టుడు ఆయన పని. మీ లెక్కల అయితే అటాకింగ్ మిడ్‌ఫీల్డర్. వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్న ఫరవాలేదంటరు చూడు, ఆ వడ్డించేటోడు ఈయన. అట్లని తను పస్తున్నడని గాదు. అవసరమైతే అంచున ఆడిండు, నడుమ ఆడిండు, గోల్సూ కొట్టిండు.

1957ల కలకత్తా పిలిచింది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. ఇగ అక్కడి పిచ్చి చెప్తే నువ్వు నమ్మవు. ఆ ఊర్ల రెండు పెద్ద జట్లు, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజార్ల ఇలిష్ చేప ధర లేస్తది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర లేస్తది. గెలిచినోళ్ళు తమ చేప వండుకొని తినాలె, ఓడినోళ్ళ ముంగట సంచి ఊపుకుంట పోవాలె. ఇలిష్ అంటే ఏందో అనుకోకు, గోదావరిల పులస. పుస్తెలమ్మన్న పులస తినాలనే జనం మనకూ ఉన్నరు గాబట్టి బెంగాలోళ్ళను మనం నవ్వొద్దు. మన అమ్ముగూడ పిల్లగాడు బంతి తంతే కలకత్తాల చేపల ధర మారేది, అది యాదుంచుకో. 1961ల ఈస్ట్ బెంగాల్‌కు కప్తాను ఆయనే, లీగు వాళ్ళదే, లీగుల అందరికన్న ఎక్కువ గోల్సూ ఆయనవే. ఆ ఏడు షీల్డు పోటీ ఫైనల్ తెగక, మోహన్ బగాన్‌తోని కలిసి పంచుకున్నరు. ఆనాడు ఏ చేప ధర లేచిందో మరి!

నడుమ రోము చెప్పుడు మరిచిపోయిన. 1960 ఒలింపిక్స్. మూడు మ్యాచులు: హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ అంటే అప్పుడు ఆషామాషీ జట్టు గాదు, ఆ ఒలింపిక్స్‌ల కంచు పతకం వాళ్ళదే. వాళ్ళతోని 2-1తోని ఓడినం, ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌ను 1-1 కాడ ఆపినం, ఆ గోల్ పీకే బెనర్జీది. పెరూ చేతుల 3-1, ఆ ఒక్కటీ బలరాందే. రోముల మనం కొట్టినవి మొత్తం మూడు. అండ్ల రెండు మన లష్కర్‌వి. ఇంకో సంగతి, ఇంటికాడ మన మ్యాచులు డెబ్బై నిమిషాలే ఉండె. బయటి దేశం పోతే తొంభై. మనోళ్ళ కాళ్ళు డెబ్బై కాడ ఇల్లు తలుసుకునేవి.

ఇగ జకార్తా, 1962 ఏషియన్ గేమ్స్. ఇది సినిమా వచ్చింది గాబట్టి నీకు కొంచెం తెలుసు. మొదటి మ్యాచే కొరియా చేతుల 2-0తోని ఓడిన్రు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0. ఆ రెండింటిలనూ బలరాం గోల్ ఉన్నది. సెమీస్‌ల దక్షిణ వియత్నాంను 3-2. ఫైనల్‌కు మళ్ళ కొరియానే. రహీం సాబుకు అప్పటికే కాన్సర్. తలకు కుట్లేసుకున్న జర్నైల్ సింగ్‌ను, వెనుక డిఫెన్స్‌ల కాపలాగాసేటోన్ని, తీస్కపోయి ముందట నిలబెట్టిండు ఆ పంతులు. లెక్క తప్పితే జనం ఉతికేటోళ్ళే. తప్పలే.

స్టేడియం నిండా లక్షమందని చెప్తరు, అందరూ మనమీద గుర్రుగున్నోళ్ళే. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానియ్యనందుకు ఇవి ఏషియన్ గేమ్స్ ఎట్లయితయని మన దేశం పెద్దమనిషి సోంధీ అన్నడు. అన్నది ఆయన, తిట్లు తిన్నది ఆటగాళ్ళు. పెద్దల నోటికి పిల్లల వీపు ఎప్పుడూ సిద్ధమే గద. ఆ గోలల మనోళ్ళ దిక్కు చప్పట్లు కొట్టింది ఎవలో తెలుసా? హాకీ ఫైనల్‌ల మనలను ఓడించిన పాకిస్తాన్ ఆటగాళ్ళట. సెప్టెంబర్ 4. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి. కొరియా ఆఖరుకు ఒకటి తిరిగిచ్చినా, 2-1తోని బంగారం మనకొచ్చింది. ఆ జట్టుల బలరాం ఒక్కడే గాదు, యూసుఫ్ ఖాన్ ఉన్నడు, అఫ్జల్ ఉన్నడు, గోల్ కాడ నిలబడ్డ తంగరాజ్ పుట్టింది గూడ హైదరాబాదే. మళ్ళ ఏడు జూన్ 11న రహీం సాబు పోయిన్రు. ఆ తర్వాత ఆ బంగారం మనకు మళ్ళ దొరకలే.

బలరాంకు 1962ల అర్జున అవార్డు వచ్చింది. ఈస్ట్ బెంగాల్ ఇడిసి బి.ఎన్.ఆర్.ల చేరిండు, అది రైల్వే జట్టు. వాల్తేరు దాకా ఉన్న ఆ రైల్వే తోనే ఖరగ్‌పూర్‌ల తెలుగోళ్ళు నిండిన్రు. ఆ పట్టాల పొడుగున ఎన్ని తెలుగిండ్లో! 1964 ఆసియా కప్పుల దేశం తరఫున గోల్ కొట్టిన అప్పలరాజు పేరు వింటేనే ఏ దిక్కోడో చెప్పొచ్చు. అగో, మళ్ళ పక్కకు పోతున్న.

1963ల ఊపిరితిత్తుల జబ్బు పట్టింది. ఇరవై ఏడేండ్లకు ఆట బందు. నీ అన్నకు ఇప్పుడెంత? ఇరవై ఎనిమిదా? వాడు ఇంకా ఏ కొలువు చేద్దామని ఆలోచిస్తనే ఉన్నడు గద. ఈయన ఆ వయసుకు మెల్‌బోర్న్, రోము, జకార్తా చూసి, బూట్లు విప్పి మూల పెట్టిండు. మళ్ళ అమ్ముగూడకు వచ్చి ఉండలే. బెంగాల్‌లనే, ఉత్తర్‌పాడ‌ల గంగ ఒడ్డున ఇల్లు పట్టుకొని ఉన్నడు. పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలేదని నన్నడగకు, చేసుకున్నోళ్ళను ఎందుకు చేసుకున్నవని ఎవలన్న అడుగుతున్నరా?

చునీ గోస్వామి, పీకే, బలరాం. ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిల చెప్పేటోళ్ళు ఆ రోజులల్ల, ఈయనది ఎప్పుడూ మూడోది. చునీకి పద్మశ్రీ వచ్చింది, పీకేకు వచ్చింది. ఈయనకు రాలే. నాకైతే ఇప్పటికీ అది అరగది. బంతి ఇచ్చినోని పేరు ఏ కాగితంల రాస్తరు? గోల్ కొట్టినోని పేరు రాస్తరు, కింద సంతకం పెడుతరు. 2020ల నెల తేడాతోని పీకే పాయె, చునీ పాయె. 2023 ఫిబ్రవరి 16న ఈయన గూడ పోయిండు. రహీం సాబు మీద తీసిన ఆ మైదాన్ సినిమా మళ్ళ ఏడు గాని రాలే, చూడకుండనే పాయె.

మొక్కజొన్న కంకి మాడుతున్నది, జర తిప్పు. యూసుఫ్ ఖాన్ ముచ్చట గూడ ఇప్పుడే చెప్పమంటవా? అది ఇంత చిన్నగ అయ్యేది గాదు. రేపు చెప్త. రేపు చాయ్ మాత్రం నువ్వే పెట్టాలె, సాసర్లు రెండు.